భయపడినవాడి వెడ్జ్ కొనండి

మేముండే ఫ్రిస్కోలో పాత గోల్ఫ్ సామాను అమ్మే షాపు ఒకటుంది. టెక్సస్‌లో డాలస్ పక్కన మా ఊరు. లోపలికి అడుగు పెట్టగానే ఎడమచేతి వైపు ఒక చెక్క పీపా కనిపిస్తుంది. గొడుగులు నిలబెట్టినట్టు అందులో నలభై యాభై వెడ్జ్‌లు, అంటే దగ్గరి దెబ్బలకి వాడే గోల్ఫ్ కర్రలు, గుచ్చి ఉంటాయి. ఒక శనివారం మా నాన్నని వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళాను. ఆయన ప్రకాశం జిల్లా నుంచి ఆరు నెలలుండి పోదామని వచ్చాడు. ఎండలో కర్ర పట్టుకుని తిరగడానికి ఎదురు డబ్బు కట్టడం, ఇదీ గోల్ఫ్ గురించి ఆయన అభిప్రాయం.

పీపాలోంచి రెండు 56 డిగ్రీల వెడ్జ్‌లు తీశాను. ఒకటి 45 డాలర్లు, ఇంకోటి 75. నలభై ఐదుదాని ముఖం, అంటే బంతికి తగిలే వైపు, మధ్యలో రూపాయి బిళ్ళంత మేర గీతలు అరిగిపోయి, ఆ చోటు మాత్రం మెరుస్తోంది. డెబ్బై ఐదుదాని ముఖం దాదాపు కొత్తగానే ఉంది. నాన్న రెండిటినీ చేతిలోకి తీసుకుని బొటనవేలితో రాసి చూశాడు. ఒకప్పుడు సంతలో ఎద్దుల పళ్ళు చూసిన చెయ్యి అది.

"ఒరే అబ్బాయ్, ఈ అరిగినదే తీసుకో" అన్నాడు.

"అరిగిపోయింది కదా నాన్నా."

"మంచి ఎద్దుకే పని ఎక్కువ చెబుతారు. బాగా పనిచేసింది గనకే అరిగింది. ఆ రెండోది ఎవడికీ నచ్చక మూలన పడుంది. చూస్తే తెలీడంలా?"

ఆ మాట నాకు సబబుగానే తోచింది. పైగా ముప్ఫై డాలర్లు మిగులుతున్నాయి. అరిగినదే కొన్నాను. నాన్న చెప్పినదాంట్లో సగం తప్పనీ, మిగతా సగం నేననుకున్నదానికంటే ఎక్కువ ఒప్పనీ తెలియడానికి నాకు ఏడాది పట్టింది. పాత వెడ్జా, కొత్త వెడ్జా అని మా శనివారం గ్యాంగ్‌లో ఎవరో ఒకరు నెలకోసారైనా అడుగుతుంటారు. వాళ్ళకి నోటితో చెప్పి చెప్పి అలిసిపోయి ఇక్కడ రాస్తున్నాను.

ఆడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. బ్యాగులో పద్నాలుగు కర్రలకి మించి ఉండకూడదు. వాటిలో దగ్గర దూరాలకి, బంతిని పైకి లేపి మెత్తగా దించడానికి వాడేవి వెడ్జ్‌లు. ముఖం ఎంత వాలుగా ఉంటే బంతి అంత నిట్టనిలువుగా లేస్తుంది. ఆ వాలునే లాఫ్ట్ అంటారు. పిచింగ్ వెడ్జ్ ఐరన్ల (మధ్య దూరాలకి వాడే కర్రల) సెట్టుతోనే వస్తుంది. ఆ తర్వాత 50, 52 డిగ్రీల దగ్గర గ్యాప్ వెడ్జ్, 54 నుంచి 56 దాకా శాండ్ వెడ్జ్, 58 నుంచి 60 దాకా లాబ్ వెడ్జ్. ఇవి ఎక్కువగా విడివిడిగా కొనుక్కోవాలి. అందుకే డ్రైవర్‌కీ (ఎక్కువ దూరం కొట్టే పొడుగు కర్ర), ఐరన్లకీ రాని చర్చ వీటికి వస్తుంది. పదేళ్ళ నాటి ఐరన్ల సెట్టు కొన్నా పెద్దగా నష్టం లేదు, నేనూ అవే వాడుతున్నాను. వెడ్జ్ కథ వేరు, అది అరిగే వస్తువు.

అరిగేది ముఖం మీద ఉండే గీతలు, అంటే గ్రూవ్‌లు. మా అమ్మమ్మ ఇంట్లో రోలు నున్నబడితే కక్కు కొట్టేవాడి కోసం ఎదురుచూసేవాళ్ళు. కక్కు లేని రోట్లో పప్పు నలగదు, జారిపోతుంది. ఇక్కడా బంతిని పట్టుకోవడానికి గరుకు కావాలి. అయితే గ్రూవ్ అసలు పని బంతిని కొరకడం కాదని నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. బంతికీ ఉక్కుకీ మధ్య నలిగే గడ్డి రసాన్నీ, నీటినీ, ఇసుకనీ పక్కకి తప్పించడమే దాని ముఖ్యమైన పని. వానలో కారు టైరు మీది గాడులు చేసేది కూడా ఇదే. పొడి రోడ్డు మీద నున్నటి టైరు కూడా బాగానే పట్టుకుంటుంది, తడి రోడ్డెక్కినప్పుడు దాని బండారం బయటపడుతుంది. వెడ్జూ అంతే. ఎండాకాలం మధ్యాహ్నం, బంతి శుభ్రంగా, గడ్డి పొట్టిగా ఉంటే అరిగిన ముఖం కూడా బంతిని చక్కగా వెనక్కి గిరగిరా తిప్పుతుంది, ఆ తిరుగుడు (స్పిన్) వల్లే బంతి పడ్డచోట ఆగుతుంది. నేను మోసపోయింది అక్కడే. జూన్‌లో కొన్నాను. జూన్, జులై, ఆగస్టు, ఇక్కడ నేల పెంకులా ఉంటుంది, చుక్క తడి ఉండదు. మూడు నెలల పాటు నాన్న జోస్యం నిజమే అనుకున్నాను.

తర్వాతి ఏప్రిల్‌లో ఒకరోజు పొద్దున ఏడింటికే మొదలుపెట్టాం. రాత్రి వాన పడి ఉంది. నాలుగో హోల్ దగ్గర నా బంతి గ్రీన్‌కి (జెండా, గుంత ఉండే నున్నటి గడ్డి) పాతిక గజాల దూరంలో, రఫ్‌లో, అంటే పొడుగ్గా పెరగనిచ్చిన చోట, తడి గడ్డి మీద కూర్చుని ఉంది. షాట్ బాగా కొట్టాను. ఆ మాట గొప్పకి చెప్పడం లేదు. చేతులకి తెలుస్తుంది కదా, ఎప్పుడో గానీ పడని షాట్ అది. బంతి అనుకున్న చోటే పడింది. పడి ఆగలేదు. సిమెంటు గచ్చు మీద వదిలిన గోళీలా దొర్లుకుంటూ జెండా పక్కనుంచి వెళ్ళి, గ్రీన్ దాటి, అవతలి బంకర్‌లో, అదే ఇసుక గుంటలో, దిగింది. ఆ రోజు అలాంటివి నాలుగు. కొట్టిన ప్రతిసారీ ముఖం తుడిచి చూశాను. ఆ రూపాయి బిళ్ళ చోట పచ్చటి గడ్డి పసరు అంటుకుని ఉంది, గీతల్లోకి మాత్రం దిగలేదు. దిగడానికి అక్కడ గీత లోతు ఉంటేగా.

పాతదైతే పనికిరాదా అంటే, 2010లో జరిగిన ఒక గొడవ గుర్తు చేసుకోవాలి. ఆ ఏడాది జనవరి 1 నుంచి గోల్ఫ్ నిబంధనలు రాసే సంస్థలు, అమెరికాలో యుఎస్‌జీఏ, బ్రిటన్‌లో ఆర్ అండ్ ఏ, కలిసి గ్రూవ్‌ల నిబంధన మార్చాయి. రఫ్‌లోంచి కొట్టినా ప్రొఫెషనల్స్ బంతిని టక్కున ఆపేస్తున్నారనీ, ఫెయిర్‌వేలో (పొట్టిగా కోసిన గడ్డి దారిలో) కొట్టినవాడికీ రఫ్‌లో కొట్టినవాడికీ తేడా లేకుండా పోతోందనీ వాళ్ళ బాధ. అందుకని 25 డిగ్రీలూ అంతకంటే ఎక్కువ లాఫ్ట్ ఉన్న కర్రలకి గీతల పరిమాణం తగ్గించారు, గీత అంచు మరీ పదునుగా ఉండకూడదన్నారు. మామూలు ఆటగాళ్ళు పాతవి కనీసం 2024 దాకా వాడుకోవచ్చని అప్పుడే వెసులుబాటు ఇచ్చారు. టూర్ ఆటగాళ్ళకి, అంటే ప్రొఫెషనల్స్‌కి, మాత్రం వెంటనే అమలు.

ఆ జనవరిలోనే శాండియాగో దగ్గర టోరీ పైన్స్‌లో జరిగిన టోర్నమెంట్‌కి పేరుమోసిన ప్రొఫెషనల్ ఫిల్ మికల్సన్ పింగ్ కంపెనీ పాత ఐ2 వెడ్జ్ తెచ్చాడు. ఇరవై ఏళ్ళ పైబడిన సరుకు. అతనొక్కడే కాదు, జాన్ డేలీ లాంటి వాళ్ళు ఇంకొందరు కూడా తెచ్చారు. ఆ మోడల్ గ్రూవ్‌ల మీద 1980లలోనే యుఎస్‌జీఏకీ పింగ్‌కీ కోర్టు గొడవ నడిచింది. 1990లో రాజీ కుదిరి, ఆ ఏడాది ఏప్రిల్ 1కి ముందు తయారైన ఐ2లు చెల్లుతాయని రాసుకున్నారు. కొత్త నిబంధన వచ్చినా ఆ రాజీపత్రం బతికే ఉంది. కొత్త కర్రల పదును తగ్గించిన ఏడాది, అటకమీది కర్ర బంగారమైంది. స్కాట్ మెకారన్ అనే తోటి ఆటగాడు దాన్ని మోసం అన్నాడు, తర్వాత క్షమాపణ చెప్పుకున్నాడు. మార్చిలో పింగ్ తనంతట తానే ఆ హక్కు వదులుకోవడంతో గొడవ సద్దుమణిగింది. మీరు పోటీలకి వెళ్ళేవాళ్ళయితే, 2010కి ముందు మోడల్ కొనేటప్పుడు అది చెల్లుతుందో లేదో యుఎస్‌జీఏ వెబ్‌సైట్‌లో మోడల్ పేరు కొట్టి చూసుకోండి. నాలాంటి శనివారం ఆటగాళ్ళని ఎవరూ ఆపరు.

నన్ను ఆకట్టుకున్నది అందులోని నైతిక చర్చ కాదు. ప్రపంచంలో ఏ కొత్త వెడ్జ్ అడిగినా ఉచితంగా ఇంటికి వచ్చే మనిషి, పాతదాన్ని వెతుక్కుని మరీ తెచ్చుకున్నాడు. అతను చూసింది ముఖాన్ని, తయారైన సంవత్సరాన్ని కాదు. మనం షాపులో సంవత్సరం చూస్తాం, స్టిక్కర్ మీద ధర చూస్తాం, తళతళ చూస్తాం. ముఖం చివర్లో చూస్తాం. నేనైతే చూసి కూడా వదిలేశాను.

ఏప్రిల్ దెబ్బ తర్వాత మళ్ళీ అదే షాపుకి వెళ్ళాను. ఈసారి కొనడానికి కాదు, ఊరికే పీపా ముందు నిలబడి ఒక్కో కర్రా తీసి చూడ్డానికి. కౌంటర్‌లో కుర్రాడు రెండుసార్లు వచ్చి ఏమైనా కావాలా అని అడిగి వెళ్ళాడు. ముప్ఫైకి పైగా చూశాక కళ్ళకి కట్టినట్టు కనిపించింది. 56లు చాలావరకు అరిగి ఉన్నాయి. బంకర్‌కీ అవే, చిప్ చెయ్యడానికీ (గ్రీన్ పక్కనుంచి కొట్టే చిన్న దెబ్బ) అవే, ప్రాక్టీసులో గంటల కొద్దీ ఇసుకలో దంచేదీ వాటితోనే. ఇసుక సానరాయి లాంటిది. 52లు ఫర్వాలేదు. 60 డిగ్రీల లాబ్ వెడ్జ్‌లు మాత్రం పెళ్ళికూతుళ్ళలా ఉన్నాయి. కొన్నిటి గీతల్లో ఫ్యాక్టరీ మర సానపట్టిన సన్న చారలు కూడా చెక్కుచెదరలేదు.

ఎందుకంటారా? ఎవరూ వాడరు కాబట్టి. టీవీలో ప్రొఫెషనల్ 60తో బంతిని ఆకాశంలోకి లేపి జెండా పక్కన పువ్వులా దించడం చూసి, సోమవారం పొద్దున్నే మనవాడు ఆర్డర్ పెడతాడు. శనివారం రెండుసార్లు కొడతాడు. ఒకసారి బంతి కిందనుంచి కర్ర దూరిపోయి, బంతి ఉన్నచోటే పైకెగిరి కిందపడుతుంది. రెండోసారి కర్ర అంచు బంతి నడుముకి తగిలి, బంతి గ్రీన్ మీదుగా అవతలి పార్కింగ్‌లోకి పోతుంది. ఇక ఆ కర్రని బ్యాగులోంచి తియ్యాలంటే భయం. రెండేళ్ళు మోసి, కొత్త డ్రైవర్ కొనేటప్పుడు అదీ ఇచ్చేస్తాడు. ఆ వెడ్జ్ మీ కోసం పీపాలో ఎదురుచూస్తుంటుంది, సగానికి తక్కువ ధరకి.

మా నాన్న అడిగిన ప్రశ్న సరైనదే. ఎందుకు అమ్ముతున్నాడు? ఆయన చెప్పిన జవాబే తిరగబడింది. ఎద్దు పని చేసి చేసి రాటుదేలుతుంది, ఉక్కు పని చేసి చేసి అయిపోతుంది. బాగా ఆడేవాడి పాత వెడ్జ్ కొనకండి. వాడు ప్రతిసారీ అదే చోట, అదే రూపాయి బిళ్ళ మీద బంతిని తగిలిస్తాడు కాబట్టి సరిగ్గా మీకు కావలసిన చోటే అరుగుతుంది. నాలాంటివాడి వెడ్జ్ కొనండి. మా దెబ్బలు ముఖానికి ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి, సగం నేల మీద. మధ్యలో ముఖం పచ్చిగానే ఉంటుంది.

చూసే పద్ధతి పెద్ద విద్యేం కాదు. గోరు తీసుకుని ముఖానికి అడ్డంగా, కిందనుంచి పైకి గియ్యండి. ప్రతి గీత దగ్గరా గోరు టక్ టక్‌మని ఆగాలి. మొదట అంచుల దగ్గర, తర్వాత మధ్యలో, కింద మూడు నాలుగు గీతల దగ్గర. రెండు చోట్లా ఒకేలా ఆగితే మంచిది. మధ్యకి వచ్చేసరికి గోరు జారిపోతే ఎంత చవకగా ఇచ్చినా వదిలెయ్యండి. తర్వాత లైటు కింద వాల్చి చూస్తే అరిగిన చోటు అద్దంలా వెలుగుతుంది. అడుగున, ముందు అంచున రాళ్ళకి తగిలిన సొట్టలుంటాయి, చిన్నవైతే ఆటకి అడ్డం రావు. గ్రిప్ గట్టిపడి ఉంటే కొత్తది వేయించుకోవచ్చు, పది పదిహేను డాలర్ల పని. ఆ ఖర్చు ధరలో కలుపుకుని బేరం చూసుకోండి.

తుప్పు గురించి ఒక మాట. రా ఫినిష్ అని పైపూత లేకుండా చేసే వెడ్జ్‌లు ఉన్నాయి, అవి తుప్పు పట్టడానికే పుట్టాయి. ఎండలో మెరవవు, కొందరికి ఆ అందం ఇష్టం. గీతలు బతికి ఉంటే పైన ఎర్రటి పొర ఉన్నా ఏమీ కాదు. తుప్పు చూసి జనం మొహం తిప్పుకుంటారు గనక అవి పీపా అడుక్కి చేరతాయి. నా ఇప్పటి లాబ్ వెడ్జ్ అలాంటిదే, 60 డాలర్లకి వచ్చింది. మా ఆవిడ దాన్ని కార్పెట్ మీద పెట్టనివ్వదు.

గ్యాప్ వెడ్జ్ మాత్రం ఆన్‌లైన్‌లో పాతది తెప్పించుకున్నాను. దాని మీద 52 అని చెక్కి ఉంది. కానీ నా పిచింగ్ వెడ్జ్ ఎంత దూరం పోతుందో ఇదీ దాదాపు అంతే పోతోంది. నాలుగు వారాలు నా ఊపునే తిట్టుకున్నాను. మా గ్యాంగ్‌లో భీమవరం అన్న ఒకాయన ఉన్నాడు, పాతికేళ్ళుగా ఆడుతున్నాడు. ఆయన దాన్ని నేల మీద ఆనించి చూసి, "ఇది 52 కాదు తమ్ముడూ, ఎవడో వంచాడు" అన్నాడు. లాఫ్ట్ కొలిచే మెషీన్ మీద పెట్టిస్తే 49 చూపించింది. వెడ్జ్‌లు చాలావరకు మెత్తటి ఉక్కుతో చేస్తారు, రెండు మూడు డిగ్రీలు వంచితే వంగుతాయి. ఇప్పటి ఐరన్ల సెట్లలో పిచింగ్ వెడ్జ్ 43, 44 డిగ్రీలకి వచ్చేసింది కదా, పాత యజమాని దానికి తగ్గట్టు ఇది వంచుకుని ఉంటాడు. అమ్మిన సైట్‌వాళ్ళు కొలవలేదు, చెప్పలేదు. వెనక్కి పంపుదామంటే గడువు దాటింది. చివరికి మళ్ళీ వంచి 52 చేయించుకున్నాను, కాఫీ ఖర్చుతో పోయింది. పాత వెడ్జ్ ఏది కొన్నా మొదటి వారంలోనే కొలిపించండి, గడువు దాటకముందే.

ఇప్పుడు కొత్తదాని తరఫున వాదన. ఇది భీమవరం అన్నదే.

"మీరంతా గీతల గురించే మాట్లాడతారు. అడుగు సంగతేంటి?" అంటాడాయన. ఆయన అన్నది బౌన్స్ గురించి. వెడ్జ్ ముందు అంచు కంటే అడుగు భాగం కిందికి పొంగి ఉంటుంది, ఆ పొంగు కోణమే బౌన్స్. ఈ ఊహ ఎక్కడిదంటే పాతతరం అమెరికన్ ఆటగాడు జీన్ సారజన్ కథ చెబుతారు. విమానాలు నడిపే కోటీశ్వరుడు హొవార్డ్ హ్యూస్‌తో విమానం ఎక్కినప్పుడు, లేచేముందు తోక కిందికి దిగడం గమనించాడట. ఇంటికొచ్చి నిబ్లిక్ అనే పాతకాలం కర్ర అడుగున టంకం పోసి పొంగు తెప్పించాడు. కర్ర ఇసుకలో కూరుకుపోకుండా జారి పైకి లేస్తుంది. 1932లో ఇంగ్లాండ్‌లో శాండ్విచ్ దగ్గర ప్రిన్సెస్ కోర్సులో దాంతో బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. నిర్వాహకులు చూస్తే వద్దంటారేమోనని కర్రని దాచుకునేవాడని కూడా చెబుతారు.

ఆ పొంగు మెత్తటి ఇసుకకి వరం, గట్టి నేలకి శాపం. ఉత్తర టెక్సస్‌ది బంకమట్టి నేల. వేసవిలో నెర్రెలు విచ్చి, మన నల్లరేగడిని గుర్తు చేస్తుంది. నేను కొన్న ఆ అరిగిన 56 అడుగున 14 అని రెండో అంకె ఉంది, 14 డిగ్రీల బౌన్స్. గట్టి నేల మీద అది ఎగిరి పడేది, అంచు వెళ్ళి బంతి నడుముకి తగిలేది. అంకె చూశాను గానీ దాని అర్థం తెలియదు. పీపాలో బేరం చేసేవాడికి ఎంపిక ఉండదు, దొరికినదే దక్కుతుంది. కొత్తదైతే అదే 56లో 8, 10, 12, 14, మీ నేలకీ మీ చేతికీ ఏది కుదిరితే అది అడిగి తీసుకోవచ్చు. మా నాన్న చెప్పినదాంట్లో ఒప్పు ఇదే. పాతది కొత్తగా ఉందంటే, అది వాడిన మనిషికి సరిపడలేదని అర్థం. ఎందుకు సరిపడలేదో, మీకు సరిపడుతుందో లేదో చూసుకోవాలి. భయమైతే మంచిదే. బౌన్సే కుదరక వదిలేసి ఉంటే, అదే నేల మీద ఆడే మీకూ కుదరదు.

ఇక డబ్బు లెక్క. 2024లో టైట్లిస్ట్ కంపెనీ వెడ్జ్ వోకీ ఎస్ఎం10 వచ్చినప్పుడు ధర 189 డాలర్లు. డెబ్బై ఐదు రౌండ్ల (పద్దెనిమిది హోళ్ళు ఆడితే ఒక రౌండు) తర్వాత స్పిన్ తగ్గడం మొదలవుతుందని వోకీ వాళ్ళే చెబుతారు. కొత్తది అమ్ముకునేవాడు చెప్పే లెక్క కాబట్టి దాన్ని నేను గుడ్డిగా నమ్మను, కానీ వేరే కొలత లేదు, సరే అనుకుందాం. రౌండుకి రెండున్నర డాలర్లు పడింది. సగం వాడిన శాండ్ వెడ్జ్ 75 డాలర్లకి కొంటే, మిగిలింది ముప్ఫై ఏడు రౌండ్లు, రౌండుకి రెండు డాలర్లు. తేడా అర డాలరు. పైగా మిగిలింది ముప్ఫై ఏడో, పదిహేడో ఎవడికి తెలుసు! అదే లాబ్ వెడ్జ్ అయితే 60 డాలర్లకి డెబ్బై ఐదు రౌండ్లూ మిగిలే ఉన్నాయి, రౌండుకి ఎనభై సెంట్లు. పాతది ఎక్కడ లాభమో, ఎక్కడ కాదో ఈ లెక్కలోనే ఉంది.

మూడో దారి కూడా ఉంది, మా గ్యాంగ్‌లో చాలామంది దాన్ని పట్టించుకోరు. వోకీలో ఎస్ఎం8 2020లో, ఎస్ఎం9 2022లో, ఎస్ఎం10 2024లో వచ్చాయి, రెండేళ్ళకొకటి. కొత్త మోడల్ దిగగానే ముందటి మోడల్ సీలు విప్పని సరుకు ధర పడిపోతుంది. వాటి మధ్య తేడా నా ఆటలో కనిపించేంత ఉంటుందని నేననుకోను. ఏప్రిల్ తర్వాత నేను కొన్నది అలాంటి శాండ్ వెడ్జే. 120 డాలర్లు, బౌన్స్ 10. రౌండుకి డాలరు అరవై సెంట్లు, సగం అరిగిన పాతదానికంటే చవక.

అన్న దీనికీ ఒప్పుకోలేదు. "నువ్వు రౌండుకి రెండు బంతులు నీళ్ళల్లో వేస్తావు. డజను యాభై డాలర్ల పైన పెట్టి ప్రో వీ1 బంతులు కొంటావు. ఎనిమిది డాలర్లు బాతులకి దానం చేసి, వెడ్జ్ దగ్గర అర డాలరు లెక్క కడతావేంటయ్యా?" అన్నాడు. నిజమే, తలదించుకున్నాను. అయితే ఆయన ఎత్తిపొడుపులో అసలు విషయం ఒకటుంది. స్పిన్‌కి బంతి పైతొక్క కూడా సగం కారణం. యురెథేన్ అనే మెత్తటి తొక్క ఉన్న బంతి వెడ్జ్ ముఖానికి అతుక్కుంటుంది. చవక బంతుల గట్టి తొక్క జారుతుంది. గట్టి బంతులతో ఆడుతూ 189 పెట్టి వెడ్జ్ కొనేవాడు, చిరిగిన చెప్పులకి ఖరీదైన పాలిష్ కొన్నట్టే. బంతి మార్చాక కూడా ఆగకపోతే అప్పుడు గోరు పెట్టి గీతలు చూడండి.

అరిగిన గీతలకి మళ్ళీ కక్కు కొట్టుకోవచ్చా అని అడుగుతారు. పది పదిహేను డాలర్లకి పెన్సిలంత పనిముట్లు అమ్ముతున్నారు. నేను ఒకటి తెప్పించి గ్యారేజీలో కూర్చుని ఆ పాత 56 మీద గంటన్నర గీకాను. గీతల్లో మట్టి పోయింది, రెండు గీతలు వంకరపోయాయి. ఎక్కువ తవ్వితే నిబంధన దాటిపోతుంది కూడా. రోటికి కక్కు కొట్టేవాడికి చేతిలో విద్య ఉంది, నాకు యూట్యూబ్ ఉంది.

నకిలీల సంగతి కూడా చెప్పాలి. పేరున్న వెడ్జ్ కొత్తది, సీలుతో, 50 డాలర్లకే అని ఆన్‌లైన్‌లో ఎవరైనా పెడితే అది వెడ్జ్ కాదు, వెడ్జ్ ఫొటో. చేత్తో పట్టుకుని గోరు గీసే వీలు లేనిచోట, వెనక్కి తీసుకుంటామని రాసివ్వని చోట, పాతదైనా కొత్తదైనా కొనకండి.

ఇది చదివే హైదరాబాద్‌వాళ్ళ పరిస్థితి వేరని నాకు తెలుసు. గోల్కొండ కోట పక్కన నయా ఖిల్లా దగ్గర ఆడే మా బావమరిదికి ఇలాంటి పీపా లేదు. అక్కడ పాతవి అమ్మినా సెట్టు సెట్టుగా చేతులు మారతాయి, దాంట్లో శాండ్ వెడ్జ్ ఎలా ఉందో ఎవరూ విడిగా చూడరు. అందుకే ఇక్కడినుంచి ఎవరు బయలుదేరినా, "బావా, ఒక వెడ్జ్ పట్రావా" అని ఫోన్ వస్తుంది. ఈమధ్య పంపినప్పుడు రెండు పంపాను. అతని కోర్సు నేలకి తగ్గ బౌన్స్ కనుక్కుని శాండ్ వెడ్జ్ కొత్తది, లాబ్ వెడ్జ్ పీపాలోది. రెండోది పాతదని వారం దాకా కనిపెట్టలేకపోయాడు, నేనే చెప్పాను.

ఆ 45 డాలర్ల 56 ఏమైందని అడుగుతారేమో. గ్యారేజీలోనే ఉంది. నాన్న మళ్ళీ వచ్చినప్పుడు ఒకరోజు దాన్ని తీసి, గీకిన ముఖం చూసి, "పాడుచేశావు గదరా" అన్నాడు. తప్పు తనదని ఇప్పటికీ ఒప్పుకోలేదు.

పోయిన నెల కొత్త డ్రైవర్ కోసం అదే షాపుకి వెళ్ళాను. బదులుగా ఇవ్వడానికి నా దగ్గర ఇంకో వెడ్జ్ ఉంది. మొట్టమొదటి ఏడాది టీవీ చూసి కొన్న 60. దాన్ని మూడుసార్లు కొట్టానేమో, ఆ మూడో బంతి ఎవరి కారు మీద పడిందో ఇక్కడ రాయను. కౌంటర్ కుర్రాడు దాన్ని తుడిచి, స్టిక్కర్ అతికించి, నా కళ్ళముందే పీపాలో గుచ్చాడు. నేను డ్రైవర్ చూసుకుని తిరిగి వచ్చేసరికి పీపా ముందు మనవాడే ఒకడు నిలబడి ఉన్నాడు, పాతికేళ్ళుంటాయి. నా 60 బయటికి తీసి, లైటు కింద వాల్చి, గోరుతో అడ్డంగా గీస్తున్నాడు.

నన్ను చూసి, "ఇది బాగుంటుందా అంకుల్?" అన్నాడు.

"దాదాపు కొత్తదే" అన్నాను.